యాంటీవైరస్ మింగిన తెలుగు

ఇనుండ్రి, మొదలే చెప్తున్న. నవ్వితే నవ్వుండ్రి గని నడుమల ఆపకుండ్రి. మొన్నామధ్య రోడ్డు మీద వంటావార్పు కాడ బీడీల అక్కచెల్లెండ్ల బ్యానర్ చూసి ఎస్సై సాబ్ టోపీ తీసి మొఖానికి అడ్డం పెట్టుకొని మరీ నవ్విండంటే, ఆ బ్యానర్ చేసింది నేనే. ఇప్పుడు కోరుట్ల అంతట నన్ను "పెండ్లి బ్యానర్ కరుణ" అంటుండ్రు. అననియ్యుండ్రి! ఏదో ఒక పేరు అచ్చింది గదా!

అసలు లొల్లి అంత ఎక్కడ మొదలైంది? కంప్యూటర్ల యాంటీవైరస్ కాడ.

మీకెర్కనే గదా, నేను భూమన్న ఫ్లెక్సీ దుకాణంల డీటీపీ చేస్త. భూమన్నోళ్లది సిరిసిల్ల. ఇంటిల్లిపాది సాంచాల మీద బతికినోళ్లు. "మా బాపు బట్ట నేసిండు, నేను ప్లాస్టిక్ బట్ట మీద బొమ్మలేస్తున్న, మొత్తానికి మా ఇంట్ల బట్ట ఇడువలేదు" అంటడు. మనిషి మంచోడు. గని కంప్యూటరంటే ఆయనకు భయం. మౌస్‌ను సుత తేలును పట్టుకున్నట్టు పట్టుకుంటడు. అందుకే దుకాణంల కంప్యూటర్‌కు పెద్దదిక్కు నేనే.

జర గొప్ప చెప్పుకుంటున్న అనుకోకుండ్రి. మల్లాపూర్‌ల ఉన్నప్పుడు మా బాపు మందికి కైకిలి పోయి మమ్ముల సాకిండు. మా అవ్వ బీడీలు చేసింది, ఇప్పటికీ చేస్తాంది. జగిత్యాలల కంప్యూటర్ కోర్సు చేసి నేను సర్టిఫికెట్ తెస్తే, మా అవ్వ దాన్ని కొంగుల చుట్టుకొని చర్చికి తీసుకపోయి పాస్టర్ అయ్యగారికి చూపిచ్చింది. "కంప్యూటర్ మొత్తం నేర్సింది అయ్యగారూ, ఇగ అండ్ల నేర్సేది ఏం మిగల్లేదు" అని సుత చెప్పింది. నేను కాదనలేదు. ఎందుకు కాదంట?

ఈ తెలంగాణ ఉద్యమం జోరందుకున్న కాంచి మా దుకాణం ఒక్క పూట ఖాళీ లేదు. ఇయ్యాల ధర్నా, రేపు రాస్తారోకో, ఎల్లుండి ధూంధాం. అచ్చినోళ్లు అందరు పెన్‌డ్రైవ్ పట్టుకొనే అస్తరు. ఆ పెన్‌డ్రైవ్‌లు ఎన్ని ఊర్లు తిరిగి అస్తయో! జగిత్యాలల ఒకదాంట్ల పెట్టి, సారంగాపూర్‌ల ఇంకోదాంట్ల పెట్టి, మా దగ్గరికి అచ్చేటాల్లకు నిండ వైరస్. ఫోల్డర్ తెరుస్తే ఫోల్డర్ ఉండది, దాని పేరుతోని ఉత్త షార్ట్‌కట్ ఉంటది. మా పాత కంప్యూటర్ గిట్లనే ఊకె జ్వరమొచ్చి ఒకనాడు పాణమిడిసింది.

భూమన్న జగిత్యాలకెల్లి కొత్తది తెప్పిచ్చిండు. బిగించిన ఇంజనీర్ తమ్ముడు పోతపోత ఒక్కటే మాట చెప్పిండు. "అక్కా, యాంటీవైరస్ వేరే కొనుడు లేదు, ఇండ్ల సిస్టంతోనే కలిసి అచ్చింది. దాని పని అది చేసుకుంటది. నువ్వు సెట్టింగులు ముట్టకు."

ముట్టకంటే ముట్టకుండ ఉండే మనిషినా నేను? సర్టిఫికెట్ ఉన్నదాన్నైతి!

శనివారం పగటీలి జర పని తక్కువున్నది. సెట్టింగులు తెరిసిన. అబ్బ, ఎన్ని గడులో! పెన్‌డ్రైవ్‌లు స్కాన్ చేయాల్నా అని ఒక గడి ఖాళీగ ఉన్నది. టిక్కు పెట్టిన. జిప్ ఫైళ్లు సుత చూడాల్నా? చూడాలె. టిక్కు. కంప్యూటర్ మొత్తం ఫుల్ స్కాన్? కొట్టిన. దానికి శానా సేపు పట్టింది. నేను చాయ్ తాగి, రెండు బ్యానర్లకు మడతలు కుట్టిచ్చి అచ్చిన. అచ్చి చూస్తే స్క్రీన్ ఎర్రగైంది. పట్టుకున్న దొంగల పేర్లు కింది దాక ఉన్నయి! నాకు ఎంత గర్వమైందో చెప్పలేను. "భూమన్నా, చూసినవా, ఎన్నిటిని పట్టిచ్చిన్నో!" అంటే, ఆయన దూరంకెల్లే దండం పెట్టిండు.

అయితే ఆ యాంటీవైరస్ పట్టుకున్నదాన్ని ఎంటనే సంపదు. క్వారంటైన్ అని ఒక జాగ ఉంటది, అండ్ల ఏస్తది. లాకప్ లెక్క అనుకోండ్రి. మూణ్నెళ్లు గండ్లనే ఉంచుతదట. పొరపాటున మంచి ఫైలు గిట్ల దొరికితే ఇడిపించుకోవచ్చని. నేనేమనుకున్న? మూణ్నెళ్లు దొంగలను ఎందుకు సాకాలె, అల్లుండ్లా ఏంది? కింద "రిమూవ్ ఆల్" అని బటన్ ఉన్నది. పేర్లు చదివిన్నా? లేదు. కొట్టిన. అన్నీ పోయినయి. తెరమీద పచ్చగ అచ్చింది. నేను సుత పచ్చగ నవ్వుకుంట ఇంటికి పోయిన.

ఆదివారం చర్చి. సోమవారం బంద్.

బంద్ నాడు షటర్ సగం దించుకొని కూసున్నం. ఉద్యమం పనైతే లోపట చేసుకోవచ్చు, ఎవ్వరు ఏమనరు. గప్పుడు వంగి లోపటికి అచ్చింది గంగవ్వ. గంగవ్వ అంటే కోరుట్ల బీడీ కార్మిక ఆడోళ్లకు పెద్దదిక్కు. చేతులు బీడీ చుడుతుంటే నోరు మైకు లెక్క నడుస్తది. ఎన్క ఇంకో నలుగురైదుగురు ఆడోళ్లు, అండ్ల మా అవ్వ సుత ఉన్నది.

"కరుణా, రేపు పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెడుతున్నం. మాది మాకు బ్యానర్ కావాలె బిడ్డ" అన్నది గంగవ్వ. "గిన్ని రోజులు మొగోళ్ల బ్యానర్ల ఎన్క నడిసినం. మేము వండాలె, వాళ్లు ఫొటోలు దిగాలె. రేపు మా పేరు మీద మా బ్యానర్. దాని ఎన్క ఎవలన్న నడువనీ."

నాకు మస్తు సంబురమైంది. ఏం రాయాలె అంటే, వాళ్లే మాట కట్టుకొని అచ్చిండ్రు. "పొయ్యి రోడ్డు మీద పెట్టినం, తెలంగాణ ఇచ్చేదాక దించం." కింద "బీడీ కార్మిక అక్కచెల్లెండ్లు, కోరుట్ల."

"గిదెంత సేపు, గిప్పుడే కొడుత" అని కీబోర్డు మీద చేతులేసిన. పొయ్యి అని కొట్టిన. తెరమీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డయి. జే, ఎఫ్, క్యూ... నోరు తిరుగని మంత్రం లెక్క! మళ్లా కొట్టిన. మళ్లా మంత్రమే. కంప్యూటర్ బంద్ చేసి మళ్లా చాలూ చేసిన. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ బొమ్మ మీద నొక్కిన. ఆ ఫైలు లేదన్నది.

అది మాకు ఎవలో ఎక్కడికెల్లో కాపీ కొట్టి ఇచ్చిన సాఫ్ట్‌వేర్. దొంగ సామాను. యాంటీవైరస్ దాన్ని దొంగనే అనుకున్నది. నిజానికి దాని తప్పేం లేదు!

భూమన్న నా ఎన్కకెల్లి తొంగి చూసిండు. "కరుణా, ఇది సమైక్య కంప్యూటర్ గాదు గదా? బీడీ కార్మికుల బ్యానరనంగనే నోరు మూసుకున్నది!"

ఫోన్ తీసి ఇంజనీర్ తమ్మునికి కొట్టిన.

"గంతేనా అక్కా, గాబరా పడకు" అన్నడు. "క్వారంటైన్ తెరువు. అండ్ల ఉంటది. రిస్టోర్ కొట్టు, ఎంటనే అస్తది."

"అండ్ల ఏం లేదు తమ్మీ."

"ఏం లేదా? మూణ్నెళ్ల దాక ఉంటయి గదా?"

"నేను... రిమూవ్ ఆల్ కొట్టిన."

అటుదిక్కు ఆయన నెత్తి కొట్టుకున్న సప్పుడు ఇనచ్చింది.

"అక్కా" అన్నడు, "నేను నీకు చెప్పింది ఒక్కటే మాట."

నేను ఫోన్ మెల్లగ కింద పెట్టిన. సాఫ్ట్‌వేర్ సీడీ ఉండాలె గదా అంటే, అది సిరిసిల్లల భూమన్న బామ్మర్ది దగ్గరున్నది. బస్సులు బంద్. బండి మీద పోదామంటే దారి పొడుగూత రాళ్లు అడ్డం పెట్టిండ్రు. నెట్ల దించుదామంటే పొద్దటికెల్లి లైను లేదు. వేరే దుకాణాలు చూద్దామంటే షటర్లకు తాళాలు. మీదికెల్లి పగటీలి రెండు గంటలకు కరెంటు పోతది, పోతే పొద్దుమీకి దాక రాదు. అప్పటికి ప్రింట్ కాకుంటే రేపటి బ్యానర్ మీద ఆశ ఇడుసుకోవాలె.

"ఏమైంది బిడ్డ, గట్ల చెమటలు పడుతున్నయి?" అన్నది గంగవ్వ.

దాసిపెట్టి ఏం లాభం? చెప్పిన. "వైరస్‌లను పట్టేది ఉంటదవ్వా ఇండ్ల. అది మన తెలుగును పట్టుకపోయింది."

గంగవ్వ జర సోంచాయించింది. "అయితే పోలీసోళ్ల లెక్కనే ఉన్నది. దొంగలను ఇడిసి ఉద్యమపోళ్లను పట్టుకపోతాంది."

అందరు నవ్విండ్రు. మా అవ్వ ఒక్కతే నవ్వలేదు. నా దిక్కే చూసుకుంట నిలబడ్డది. ఆ చూపు ఏందో నాకెర్కనే. నా బిడ్డకు రానిది ఏముంటది అనే చూపు. మీ అవ్వ గట్ల చూస్తే మీరు "నాతోని కాదు" అంటరా?

ఊకె కూసోలేక పాత బ్యానర్ ఒకటి తెరిసిన. చూద్దును గదా, అండ్ల తెలుగు నిగనిగ మెరుస్తున్నది! కొట్టేది పోయింది గని, కొట్టింది పోలేదు. పాత అక్షరాలు అన్ని పదిలంగ ఉన్నయి. నా కుర్సీల నేనే ఎగిరిన. "దొరికింది! కొత్తగ కొట్టుడెందుకు? పాత బ్యానర్లకెల్లి అక్షరాలు తెంపుకచ్చి అతుకుత!"

ఇగ సూడాలె మా దుకాణం! తెలంగాణకు తిప్పలే లేదు. ఏ బ్యానర్ తెరిసినా అదే మాట. "పొయ్యి" ఎట్ల అనుకుంటుంటే భూమన్న ఒర్రిండు, "గ్యాస్ పొయ్యిలు రిపేరు చేయబడును! మొన్ననే బ్యానర్ గుద్దినం!" తెరిసి పొయ్యి దించుకున్న. రోడ్డుకు ఒక బట్టల దుకాణం అడ్రస్ దొరికింది. "కార్మిక" పాత ధర్నా బ్యానర్ల ఉన్నది. "బీడీ" కాడ ఆగినం. "బీ" ఒక బీరువాల దుకాణం బ్యానర్ల దొరికింది. "డీ" లేదు. ఒక్కొక్క ఫైలు తెరుసుడు, మూసుడు. ఆడోళ్లందరు నా ఎన్క గుమిగూడి తెరమీదికి వంగి చూస్తుండ్రు. చదువురానోళ్లు సుత "డీ ఎట్లుంటది, జర మాకు చూపియ్యి" అని అడిగి మరీ చూస్తుండ్రు. ఆఖరికి లేడీస్ టైలర్ బోర్డుల దొరికింది. లేడీస్‌ల నుంచి "డీ" లాగిన!

"అక్కచెల్లెండ్లు" మాత్రం దశదినకర్మ బ్యానర్లకెల్లి అచ్చింది. "దుఃఖంలో: కుమారులు, కోడండ్లు, అక్కచెల్లెండ్లు" అని ఉండే. దుఃఖం అక్కడ ఇడిసి అక్కచెల్లెండ్లను తెచ్చుకున్న.

అక్షరాలైతే జమైనయి. మరి ఎన్క బొమ్మ? కొత్తగ డిజైన్ చేసే టైం లేదు. ఒక పెండ్లి బ్యానర్ మంచి గులాబి రంగుల ఉన్నది, సైజు సుత సరిపోతది. పిల్ల, పిల్లగాని ఫొటోలు తీసేసిన. పేర్లు తీసేసిన. అక్షరాలు పరిచిన. ఒక సైజు పెద్దగ, ఒక సైజు చిన్నగ, కొన్ని నిటారుగ, కొన్ని జర వంగి. అయినా చదువుతే గుండె నిండింది. "పొయ్యి రోడ్డు మీద పెట్టినం, తెలంగాణ ఇచ్చేదాక దించం." గంగవ్వ చేయి పెట్టి తెర మీద మెల్లగ తడిమింది, అక్షరాలు నిజంగ ఉన్నయా లేవా అన్నట్టు.

ప్రింట్ కొట్టిన. మిషన్ ఇటు అటు తిరుగుతాంది. అందరం గోడ గడియారం దిక్కు చూస్తున్నం. ఆఖరి జానెడు ఎల్లంగనే ఫ్యాన్ ఆగింది. కరెంటు పోయింది. భూమన్న "జై తెలంగాణ!" అని ఒర్రిండు, మేమందరం ఒర్రినం. ఉత్సాహంల ఎవ్వరు బ్యానర్ విప్పి చూడలేదు. తడి ఆరినంక చుట్టి గంగవ్వ చంకల పెట్టినం.

తెల్లారి. పెద్ద రోడ్డు మీద పొయ్యిలు పెట్టిండ్రు. ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద పప్పుచారు. జనం మస్తు అచ్చిండ్రు. నేను కొత్త చీర కట్టుకొని పోయిన, దాసిపెట్టుడెందుకు, నా బ్యానర్ చూద్దామనే పోయిన. గంగవ్వ, మా అవ్వ చెరొక కొస పట్టుకొని విప్పిండ్రు. జనం చప్పట్లు కొట్టిండ్రు. నేను మెడ లేపి చూసిన.

అమ్మో!

కింది అంచుకు ఒక లైను. కంప్యూటర్ల చీమల బారు లెక్క కనబడితే, అంచుకు డిజైన్ అనుకున్న. ఫ్లెక్సీ మీద అరచెయ్యంత అక్షరాలు! "విందారగించి మమ్ముల ఆశీర్వదించ ప్రార్థన. చదివింపులు స్వీకరించబడవు."

పెండ్లోళ్ల లైను! ఉరికి పోయి కింది అంచు మలిపి పట్టుకుందామనుకునేటాల్లకే ఎస్సై సాబ్ అచ్చి బ్యానర్ ముందట నిలబడ్డడు. మెల్లగ చదువుకుంట కిందికి అచ్చిండు. మీసం కదిలింది.

"గంగవ్వా" అన్నడు, "పిల్ల ఎవరు?"

గంగవ్వకు చదువు రాదు. "ఏంది సారూ?" అన్నది. ఆయన కింది లైను గట్టిగ చదివి ఇనిపిచ్చిండు. గంగవ్వ నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూసిన. గప్పుడు గంగవ్వ కొంగు నడుముకు దోపింది.

"పిల్లనా? మా తెలంగాణనే పిల్ల. మీరు పిల్ల దిక్కు చుట్టాలైతే కూసోండ్రి సారూ, ఇస్తరేస్తం. కాదంటే మీ ఇష్టం."

జనం ఇగ ఆగలేదు. ఈలలు, చప్పట్లు! గా నవ్వుల్నే ఎస్సై సాబ్ టోపీ మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. "డ్యూటీల ఉన్న అవ్వా" అని పక్కకు పోయిండు గని, జర సేపటికి బంతిల ఆఖరుకు ఇద్దరు కానిస్టేబుళ్లు కూసొని పప్పుచారు కలుపుకుంటుంటే చూడనట్టే ఊకున్నడు.

ఇగ పగటీలి ఒక లీడర్ కార్ల అచ్చిండు. పొద్దున కాంచి పత్తా లేడు, వంట అయినంక అచ్చిండు. ఆడోళ్లకు కప్పుతనని శాలువలు తెచ్చిండు, ఫొటోలు తీసేటాయన్ని సుత ఎంట తెచ్చుకున్నడు. గంగవ్వ అడ్డం పోయి బ్యానర్ కింది లైను మీద ఏలు పెట్టింది. అప్పటికి ఆమెకు అది నోటికచ్చింది.

"చదువుకోండ్రి సారూ. చదివింపులు స్వీకరించబడవు. మాకు శాలువలొద్దు. ఇస్తే తెలంగాణ ఇప్పియ్యుండ్రి, లేకుంటే బువ్వ తిని ఆశీర్వదించి పోండ్రి."

ఆ మాట ఎట్ల పాకిందో తెల్వదు. పొద్దుమీకే వరకు రోడ్డు మీద నినాదమే మారిపోయింది. "చదివింపులొద్దు!" అని ఒకలు ఒర్రుడు, "తెలంగాణ కావాలె!" అని అందరు అందుకొనుడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సగం సిగ్గుకు, సగం గర్వానికి. గని మా అవ్వ ఏం చేసిందో తెలుసా? కనబడినోళ్లనందరిని ఆపి, "గా కింది లైను సుత నా బిడ్డనే రాసింది, సొంతంగ!" అని చెప్పుకుంట తిరిగింది. నేను కొంగు పట్టి గుంజుతున్నా ఆగదు. ఇగ కాదని ఎట్ల చెప్పాలె మీరే చెప్పుండ్రి!

సరే, కథ గక్కడ ఆగితే నేను గొప్పదాన్నే. ఆగలేదు.

బస్సులు చాలూ అయినంక సిరిసిల్లకెల్లి బామ్మర్ది సీడీ పంపిండు. ఎక్కించిన. ఎక్కీయంగనే యాంటీవైరస్ మళ్లా పట్టుకున్నది. ఈసారి మాత్రం రిమూవ్ జోలికి పోలేదు, ఇడిపిచ్చిన. మళ్లా మళ్లా పట్టకుండ ఉండాలంటే సెట్టింగులల్ల "వీటిని చూడకు" అని చెప్పే జాగ ఒకటున్నది. తెలుగు సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోల్డర్‌ను గండ్ల చూపియ్యాలె. ఎంత ఎతికినా ఆ ఫోల్డర్ నాకు దొరుకలేదు. ఎందుకచ్చిన లొల్లి అని మొత్తం సీ డ్రైవ్‌నే చూపిచ్చిన. గంతే! తెలుగు అచ్చింది. ఎర్ర మెసేజ్‌లు పోయినయి. పెన్‌డ్రైవ్‌లు పెట్టినా పల్లెత్తు మాట అంటలేదు. "చూసినవా భూమన్నా, ఎంత నిమ్మలమైందో! దారిల పెట్టిన" అని చెప్పిన. ఆయన మళ్లా దండం పెట్టిండు.

నిన్న కంప్యూటర్ శానా మెల్లగైందని ఇంజనీర్ తమ్ముణ్ని పిలిస్తే జగిత్యాలకెల్లి అచ్చిండు. చూసి బిత్తరపోయిండు. "అక్కా, వైరస్‌లు సంసారాలు పెట్టుకొని పిల్లలను సుత కన్నయి. యాంటీవైరస్ ఒక్కదాన్ని పట్టలేదేంది?" సెట్టింగులు తెరిసిండు. సీ డ్రైవ్ అని ఉన్నకాడ చూపు ఆగింది. చేతులు రెండు తీసి ఒళ్లె పెట్టుకున్నడు. "నువ్వు ఇంటికి కావలోన్ని పెట్టి, ఇంటి దిక్కు మాత్రం చూడొద్దని చెప్పినవ్."

"ఏమైంది, అది పనిచేస్తలేదా?" అని భూమన్న బయటికెల్లి అడిగిండు.

ఏం చెప్పాలె ఇగ? "తెలంగాణ కోసం ఉద్యోగులందరు సమ్మెల ఉన్నరు గదన్నా" అన్న, "అది సుత గండ్లనే చేరింది."

భూమన్న ఏమన్నడో తెలుసా? నవ్వుకుంట మూడు చాయ్‌లు చెప్పి, "మంచిగైంది, తెలంగాణ అచ్చినంకనే డ్యూటీ ఎక్కుమను" అన్నడు.

అది ఎప్పుడెక్కుతదో నాకు తెల్వదు. గని ఈ ఉద్యమంల నేను సుత ఒక సమ్మె చేయిచ్చిన మనిషినే, లెక్కల రాసుకోండ్రి!